స్ట్రెయిటెనింగ్‌తో పాడైన జుట్టు మళ్లీ మునుపటిలా అవుతుందా?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. నాది పుట్టుకతో వంకీల జుట్టు. రెండేళ్ల క్రితం మొదటిసారి రీబాండింగ్ (రసాయనంతో జుట్టును నిటారుగా చేసే పద్ధతి) చేయించుకున్నాను. కుదుళ్ల దగ్గర మళ్లీ వంకీలు కనిపించడంతో ఎనిమిది నెలల క్రితం రెండోసారి, కుదుళ్ల నుంచి కొనల దాకా, చేయించుకున్నాను. అప్పటి నుంచి జుట్టు తడిసినప్పుడు రబ్బరులా సాగుతోంది, ఆరితే బిరుసుగా మారుతోంది, దువ్వితే ముక్కలుగా రాలుతోంది. కొత్తగా వచ్చిన నాలుగు అంగుళాల జుట్టు వంకీలతో ఉంది, కిందిది నిటారుగా వేలాడుతోంది. రెండూ కలిసినట్టు కనిపించాలని రోజూ ఐరన్ చేసుకుంటున్నాను. కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయిస్తే పాడైన జుట్టు బాగవుతుందని పార్లర్‌లో అంటున్నారు. బయోటిన్ (ఒక రకం బి విటమిన్) మాత్రలు కూడా మొదలుపెట్టాను. నా జుట్టు మళ్లీ మునుపటిలా అవుతుందా? లేక మొత్తం కత్తిరించుకోవలసిందేనా?

జవాబు: మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు కొంచెం కష్టంగా తోచినా ముందే చెప్పడం మంచిది. రసాయనం సోకిన ఆ కింది జుట్టు మునుపటిలా కాదు. కానీ మీ కుదుళ్ల నుంచి ఈ ఎనిమిది నెలల్లో వచ్చిన ఆ నాలుగు అంగుళాల వంకీల జుట్టు, మీరు దాన్ని ఐరన్‌తో కాల్చకుండా ఉంటే, పూర్తిగా ఆరోగ్యమైనదే. కాబట్టి మీరు చేయవలసింది రెండు వేర్వేరు పనులు: కింది జుట్టును అవసరమైనంత కాలం తెగకుండా నిలబెట్టుకోవడం ఒకటి, పై జుట్టును పాడుకాకుండా పెంచుకోవడం మరొకటి. ఈ రెండింటినీ కలిపి ఒకటే పనిగా చూడడం వల్లనే చాలామంది డబ్బునూ, మిగిలిన జుట్టునూ కూడా పోగొట్టుకుంటారు.

అసలు ఏం జరిగిందో తెలిస్తే, ఏ వస్తువు ఎందుకు పనికివస్తుందో, ఏది పనికిరాదో మీరే నిర్ణయించుకోగలుగుతారు. చర్మం పైకి వచ్చిన వెంట్రుకలో జీవకణాలు ఉండవు. గాయమైన చర్మం తనంతట తాను మానినట్టు వెంట్రుక మానదు. దాని లోపలి భాగం కెరాటిన్ అనే ప్రోటీన్ పోగులతో నిండి ఉంటుంది. ఆ పోగులను గంధక బంధాలు ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతాయి, మీ జుట్టు వంకీలు తిరగడంలో ఆ బంధాల అమరికకు పెద్ద పాత్ర ఉంది. లోపలి భాగం చుట్టూ ఇంటి పెంకుల్లా ఒకదానిపై ఒకటి పరుచుకున్న పలుచని పొలుసులు ఐదు నుంచి పది పొరల దాకా ఉంటాయి. వాటిపైన కంటికి కనిపించని కొవ్వు పూత ఒకటి ఉంటుంది. ఆరోగ్యమైన జుట్టు మీద నీటిబొట్టు జారిపోవడానికీ, వెంట్రుకలు ఒకదానిపై ఒకటి సాఫీగా కదలడానికీ ఆ పూతే కారణం.

రీబాండింగ్‌లో సాధారణంగా థయోగ్లైకాలేట్ జాతి రసాయనాన్ని క్షార గుణం ఉన్న క్రీములో కలిపి పూస్తారు. అది పొలుసులను లేపి లోపలికి వెళ్లి గంధక బంధాలను తెంచుతుంది. ఆ మెత్తబడిన జుట్టును ఐరన్‌తో నిటారుగా సాగదీసి, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న ద్రావణంతో బంధాలను కొత్త స్థానంలో మళ్లీ అతికిస్తారు. తెగినవన్నీ తిరిగి అతుక్కోవు. కొన్ని శాశ్వతంగా పోతాయి, పైనున్న కొవ్వు పూత కూడా చాలా వరకు కొట్టుకుపోతుంది, అది మళ్లీ పుట్టదు. ఒకసారి చేసినప్పుడే ఇంత జరుగుతుంది. మీ విషయంలో అప్పటికే ఒకసారి బంధాలు పోయిన జుట్టుకు రెండోసారి కొనల దాకా అదే క్రీము పూశారు. అసలు పొరపాటు అక్కడే జరిగింది. రెండోసారి చేసేటప్పుడు కొత్తగా వచ్చిన కుదుళ్ల భాగానికి మాత్రమే పూయాలి, పాత భాగాన్ని తాకకూడదు. ఇది ఆ పని చేసేవారికి తెలిసి ఉండవలసిన విషయం. మీరు అడగలేదని మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

తడిసినప్పుడు రబ్బరులా సాగడం గురించి మీరు రాసిన మాట నాకు చాలా విషయం చెప్పింది. ఆరోగ్యమైన తడి వెంట్రుక తన పొడవులో సుమారు 30 శాతం దాకా సాగి, వదిలితే మళ్లీ తన పొడవుకు వచ్చేస్తుంది. లోపలి బంధాలు పోయిన వెంట్రుక ఇంకా ఎక్కువ సాగుతుంది, కానీ వెనక్కి రాదు, చివరికి తెగుతుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. తలస్నానం తర్వాత దువ్వెనకు వచ్చిన ఒక తడి వెంట్రుకను రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా సాగదీయండి. సాగి వెనక్కి వస్తే ఆ భాగం నిలుస్తుంది. జిగురులా సాగి అలాగే ఉండిపోతే ఆ భాగాన్ని ఏ వస్తువుతోనూ ఎక్కువ కాలం కాపాడలేరు. అసలు సాగకుండా పుటుక్కున తెగితే దానికి తేమ, మృదుత్వం కావాలన్నమాట. కుదుళ్ల వైపు, నడిమి భాగం, కొనల వైపు వేరువేరుగా చూడండి. ఎంత కత్తిరించాలో తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన కొలత ఇంట్లో దొరకదు.

దానితోపాటు రాలిన వెంట్రుకలను కూడా పరిశీలించండి. ఒక చివర చిన్న తెల్లని గుబ్బ ఉంటే అది కుదురు నుంచి ఊడిన వెంట్రుక. అలాంటివి రోజుకు 50 నుంచి 100 దాకా ఊడడం ఎవరికైనా సహజం. గుబ్బ లేకుండా చిన్న చిన్న ముక్కలుగా ఉంటే అవి మధ్యలో తెగినవి. వెంట్రుక మీద అక్కడక్కడ తెల్లని చుక్కల్లాంటి ముడులు కనిపిస్తే, అక్కడ పొలుసులు పోయి లోపలి పోగులు చీపురు పుల్లల్లా విచ్చుకున్నాయని అర్థం. ముందుగా తెగేది అక్కడే. మీ వర్ణనను బట్టి మీది ఎక్కువగా తెగడమే గానీ ఊడడం కాదు. ఈ తేడా చాలా ముఖ్యం. తెగడానికి కారణం వెంట్రుకలో ఉంది కాబట్టి మందులు, మాత్రలు దాన్ని ఆపలేవు. బయోటిన్ లోపం నిజంగా ఉన్నవారికి తప్ప మిగిలినవారికి ఆ మాత్రల వల్ల జుట్టు బలపడుతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్ పరీక్షల ఫలితాలు, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష ఫలితాలు కూడా తప్పుగా రావచ్చు. ఏ రక్తపరీక్ష చేయించుకున్నా ఆ మాత్రలు వేసుకుంటున్నట్టు వైద్యునికి తప్పక చెప్పండి.

ఇప్పుడు పార్లర్ వారి సలహా సంగతి. కెరాటిన్ ట్రీట్‌మెంట్ అనే పేరు వినగానే పోయిన ప్రోటీన్‌ను తిరిగి నింపుతారని ఎవరైనా అనుకుంటారు. ఆ పేరుతో జరిగేవాటిలో చాలా వరకు నిజానికి మరో రకం స్ట్రెయిటెనింగే. వాటిలో జుట్టును నిటారుగా పట్టి ఉంచేది కెరాటిన్ కాదు. ఫార్మాల్డిహైడ్ గానీ, వేడి తగిలినప్పుడు దాన్ని విడుదల చేసే పదార్థం గానీ, గ్లైఆక్సిలిక్ యాసిడ్ గానీ ఆ పని చేస్తుంది, దాన్ని జుట్టులోకి పట్టించడానికి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడితో పాయ పాయకూ పలుమార్లు ఐరన్ చేస్తారు. కొన్ని వారాలు జుట్టు మెరుస్తుంది. ఆ పూత పోయాక కింద మిగిలేది ఇంకొంచెం బలహీనపడిన వెంట్రుక. ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. దానికి బదులుగా వచ్చిన గ్లైఆక్సిలిక్ యాసిడ్ కూడా పూర్తిగా సురక్షితం కాదు. 26 ఏళ్ల మహిళ ఒకరు స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న మూడు సందర్భాల్లోనూ ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతం 2024లో ఒక వైద్య పత్రికలో ప్రచురితమైంది. పాడైన జుట్టుకు మరమ్మతు అని చెప్పి ఈ పని చేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. దయచేసి చేయించుకోకండి. ఒకవేళ వారు ఇది స్ట్రెయిటెనింగ్ కాదు, కేవలం ప్రోటీన్ మాస్క్ అని అంటే, డబ్బా మీది పదార్థాల పట్టిక చూపించమని అడగండి. పూసిన తర్వాత ఐరన్ చేయవలసిన అవసరం ఉందా అని కూడా అడగండి. ఉందంటే అది మాస్క్ కాదు.

సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న రిలాక్సర్ అనే మరో రకం కూడా ఉంది. థయోగ్లైకాలేట్ సోకిన జుట్టుకు దాన్ని పూస్తే జుట్టు కుచ్చులు కుచ్చులుగా తెగి చేతికి వస్తుంది. ఎవరైనా ఆ మాట ఎత్తితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇక ఐరన్. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది రోజూ ఐరన్ చేసుకుంటున్నానన్న వాక్యమే. మీరు కాపాడుకోవలసిన ఆ నాలుగు అంగుళాల కొత్త జుట్టే రోజూ కాలుతోంది. వేడి వల్ల పాడైన వంకీలు తలస్నానం చేసినా తిరిగి రావు. అలా జరిగితే మీరు ఎనిమిది నెలలు ఎదురుచూసి సంపాదించుకున్నది కూడా కింది జుట్టులో కలిసిపోతుంది. పైగా జుట్టు ఏమాత్రం తడిగా ఉన్నా, ఐరన్ పెట్టగానే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు ఏర్పడతాయి, ఆ బుడగలున్న చోట వెంట్రుక తెగుతుంది. కనీసం మూడు నెలలు ఐరన్‌ను పూర్తిగా పక్కన పెట్టండి. ఆ తర్వాత తప్పనిసరి సందర్భం వస్తే, జుట్టు పూర్తిగా ఆరాక, వేడి నుంచి రక్షణనిచ్చే స్ప్రే లేదా సీరం రాసి, 150 డిగ్రీలకు మించకుండా, ఒక పాయ మీద ఒక్కసారి మాత్రమే పోనివ్వండి. వేడి ఎంతో చూపించని ఐరన్‌ను మాత్రం వాడకండి.

ఐరన్ లేకుండా రెండు రకాల జుట్టును ఎలా కలపాలన్నది మీ అసలు కష్టమని నాకు అర్థమైంది. పై జుట్టును నిటారుగా చేసే బదులు కింది జుట్టుకు వంకీలు తెప్పించండి. రాత్రి కొంచెం చెమ్మగా ఉన్న జుట్టును నాలుగైదు పాయలుగా తీసి వదులుగా అల్లుకుని, ఉదయం విప్పితే కింది నిటారు భాగం అలలు తిరుగుతుంది, పై వంకీలతో దాదాపు కలిసిపోతుంది. ఇలా వచ్చే అలలకు కారణం నీటితో తెగి, ఆరాక మళ్లీ అతుక్కునే తాత్కాలిక బంధాలే, గంధక బంధాల జోలికి ఇది వెళ్లదు. అందుకే వెంట్రుకకు హాని ఉండదు. అల్లిక బిగువుగా మాత్రం ఉండకూడదు. పాత జుట్టు కొత్త జుట్టును కలిసే చోటు మొత్తం వెంట్రుకలోకెల్లా బలహీనమైనది. బిగించి కట్టే రబ్బరు బ్యాండు సరిగ్గా ఆ చోట పడితే తెగేది అక్కడే. గుడ్డ చుట్టిన మెత్తని బ్యాండు వాడండి, దాన్ని రోజుకొక చోట మార్చి పెట్టండి.

తలస్నానం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజువారీ నష్టం సగం అక్కడే జరుగుతుంది. తడిసిన వెంట్రుక ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పూత పోయిన జుట్టు మరింత ఎక్కువ నీరు పీల్చి మరింత ఉబ్బుతుంది, ఇలా పదే పదే జరగడం వల్ల పొలుసులు లేచిపోతాయి. దీన్ని తగ్గించడానికి తలస్నానానికి ముందు నూనె రాయడం మంచి ఉపాయం. అన్ని నూనెలూ ఒకటి కాదు. కొబ్బరి నూనెలో ప్రధానంగా ఉండే లారిక్ యాసిడ్ అణువు చిన్నది, నిటారుగా ఉంటుంది, అందువల్ల వెంట్రుక లోపలికి చేరగలదు. కొబ్బరి నూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను పోల్చి 2003లో ప్రచురించిన పరిశోధనలో, జుట్టు నుంచి ప్రోటీన్ పోవడాన్ని తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. కుదుళ్లకు కాదు, నడిమి నుంచి కొనల దాకా, స్నానానికి కనీసం గంట ముందు పలుచగా రాయండి. కొద్దిమందికి దానివల్ల జుట్టు ఇంకా బిరుసెక్కుతుంది. మీకు అలా అనిపిస్తే మానేయండి, పట్టుబట్టవలసిన పని లేదు.

షాంపూ మాడుకు మాత్రమే రుద్దండి. కడిగేటప్పుడు జారే నురగే కింది జుట్టుకు చాలు. వెంట్రుక స్వభావం కొంచెం ఆమ్లగుణం వైపు ఉంటుంది. అందువల్ల క్షార గుణం ఉన్న సబ్బులు, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎక్కువున్న షాంపూలు వెంట్రుకల మధ్య రాపిడిని పెంచి చిక్కులు పడేలా చేస్తాయి. పీహెచ్ 5.5కు మించనివి ఎంచుకోండి. తర్వాత కండిషనర్ ప్రతిసారీ తప్పనిసరి. ఇది అలంకారం కోసం చెబుతున్నది కాదు. పాడైన చోట వెంట్రుక మీద రుణావేశం ఎక్కువగా ఉంటుంది. కండిషనర్‌లోని బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్ వంటి పదార్థాలకు ధనావేశం ఉంటుంది కాబట్టి అవి ఎక్కువ పాడైన చోటికే వెళ్లి ఎక్కువగా అతుక్కుంటాయి. అమోడైమెథికోన్ అనే సిలికోన్ కూడా అంతే. సిలికోన్లు జుట్టును పాడుచేస్తాయన్న ప్రచారం చూసి చాలామంది వాటికి దూరంగా ఉంటారు. పోయిన కొవ్వు పూతకు బదులుగా మనకు అందుబాటులో ఉన్నవాటిలో అవి మేలైనవనే నేను చెబుతాను. జుట్టు మరీ బరువెక్కి అంటుకుపోతున్నట్టు అనిపిస్తే నెలకోసారి కొంచెం గట్టిగా శుభ్రపరిచే షాంపూతో కడిగితే సరిపోతుంది.

కండిషనర్ జుట్టు మీద ఉండగానే, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో, ముందు కొనల దగ్గర చిక్కు తీసి, తర్వాత కొంచెం పైనుంచి, ఇలా మెల్లగా కుదుళ్ల వైపు వెళ్లండి. పైనుంచి ఒక్క ఊపున కిందికి లాగితే చిక్కంతా ఒకచోట చేరి తెగుతుంది. తువ్వాలుతో రుద్దవద్దు, పాత నూలు బట్టతో ఒత్తి తడి తీయండి.

ప్రోటీన్ మాస్కుల విషయంలో మితం ముఖ్యం. విడగొట్టిన కెరాటిన్, గోధుమ ప్రోటీన్ వంటివి వెంట్రుకలోని ఖాళీల్లో తాత్కాలికంగా చేరి దానికి కాస్త గట్టిదనం ఇస్తాయి, తర్వాతి కొన్ని స్నానాల్లో కొట్టుకుపోతాయి. మీ జుట్టు తడిలో అతిగా సాగుతోంది కాబట్టి రెండు వారాలకోసారి వాడవచ్చు. సాగడం తగ్గి బిరుసుదనం పెరిగితే ఆపేసి, మామూలు కండిషనింగ్ మాస్కులకు మారండి. బంధాలను బలపరుస్తాయని చెప్పే బాండ్ బిల్డర్లు కూడా ఇప్పుడు ఇంట్లో వాడుకునే రూపంలో దొరుకుతున్నాయి. వాటివల్ల తెగడం కొంత తగ్గుతుంది, దువ్వడం సులువవుతుంది. వీలుంటే వారానికోసారి వాడండి. కానీ అవి పోయిన పొలుసులను తిరిగి తేలేవు, చిట్లిన కొనలను శాశ్వతంగా అతికించలేవు. కుదిరితే కొనండి, కుదరకపోతే మీరేదో పోగొట్టుకుంటున్నట్టు బాధపడకండి. కండిషనర్, కత్తెర, ఐరన్‌కు విరామం, ఈ మూడూ కలిసి చేసే మేలు వాటికంటే ఎక్కువ.

కత్తెర సంగతికి వస్తే, మొత్తం ఒక్కసారిగా కత్తిరించుకోవలసిన అవసరం లేదు. చేయించుకుంటే తప్పూ లేదు, నాలుగు అంగుళాల పొట్టి వంకీల జుట్టు మీకు నచ్చితే ఈ బాధంతా ఒక్కరోజులో తీరిపోతుంది. అలా కాదనుకుంటే ఇప్పుడు సాగదీత పరీక్షలో జిగురులా మిగిలిపోయిన భాగం వరకు తీయించి, ఆపైన ఎనిమిది వారాలకోసారి ఒక అంగుళం చొప్పున తీయించుకుంటూ ఉండండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొందరిలో ఇంకొంచెం ఎక్కువ, పెరుగుతుంది. అంటే రెండు నెలలకు పెరిగేది ఒక అంగుళం కంటే కొద్దిగా తక్కువే. ఈ లెక్కన మీ జుట్టు పొడవు దాదాపు ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తూనే పాత భాగం తరిగిపోతుంది. జుట్టు భుజాల దాకా ఉంచుకుంటే, మరో ఏడాదిన్నర నుంచి రెండేళ్లలో అది మొత్తం మీ సొంత వంకీల జుట్టే అవుతుంది. చిట్లిన కొనలను ఊరికే వదిలేస్తే మాత్రం ఆ చీలిక పైకి పాకుతుంది, చివరికి ఇంకా ఎక్కువ కత్తిరించవలసి వస్తుంది.

ఆహారం గురించి ఒక్క మాట. తెగుతున్న పాత జుట్టుకు ఆహారంతో సంబంధం లేదు, కుదుళ్లలో ఇప్పుడు తయారవుతున్న జుట్టుకు ఉంది. తగినంత ప్రోటీన్ తింటున్నారా, రక్తంలో ఇనుము నిల్వలు సరిగా ఉన్నాయా అన్నది చూసుకుంటే చాలు.

చర్మవైద్యుని దగ్గరకు వెళ్లవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. గుబ్బతో ఊడే వెంట్రుకలు రోజుకు వందకు మించి చాలా ఎక్కువగా ఉన్నా, పాపిట వెడల్పవుతున్నా, మాడు మీద మంట, పుండ్లు, పొక్కులు ఉన్నా, ఎక్కడైనా జుట్టు లేకుండా నున్నగా మెరిసే మచ్చ కనిపించినా ఆలస్యం చేయకండి. క్షార రసాయనాలతో మాడు కాలితే కుదుళ్లే నశించి అక్కడ జుట్టు మళ్లీ రాకుండా పోయే ప్రమాదం ఉంటుంది, తొందరగా చూపించుకుంటేనే ఆ నష్టాన్ని ఆపగలరు. రీబాండింగ్ చేసిన రోజున మీ మాడు మండిందా, తర్వాత పెచ్చులు కట్టిందా అన్నది మీరు రాయలేదు. అలా జరిగి ఉంటే ఇప్పుడు బాధ లేకపోయినా ఒకసారి చూపించుకోండి.

పాత భాగం పూర్తిగా పోయేదాకా రంగు వేయించుకోవడం, బ్లీచింగ్ వద్దు. ఈతకొలనుకు వెళ్లే అలవాటుంటే దిగే ముందు మంచినీటితో జుట్టు తడిపి కండిషనర్ రాసుకోండి, అప్పుడు క్లోరిన్ నీటిని జుట్టు తక్కువగా పీల్చుకుంటుంది. మూడు నెలల తర్వాత అదే సాగదీత పరీక్ష మళ్లీ చేసి, ఏ భాగం ఎలా ఉందో నాకు రాయండి. అప్పటికి ఎంత కత్తిరించాలన్నది ఇప్పటికంటే కచ్చితంగా చెప్పగలను.